రాతినార (ఆస్బెస్టాస్)

రాతినార సన్నని పీచుగా విడిపోయే ఆరు సహజ సిలికేట్ ఖనిజాల ఉమ్మడి పేరు. వీటిలో క్రిసోటైల్ (తెల్ల రాతినార) సర్పెంటైన్ వర్గానికి, అమోసైట్, క్రోసిడోలైట్, ట్రెమోలైట్, ఆక్టినోలైట్, ఆంథోఫిలైట్ ఆంఫిబోల్ వర్గానికి చెందుతాయి. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో క్రిసోటైల్ నిక్షేపాలున్నాయి.

వేడిని, రసాయనాలను తట్టుకోవడంతో దీన్ని పైకప్పు రేకులు, గొట్టాలు, బాయిలర్ల తొడుగులు, బ్రేకు లైనింగులలో వాడారు. పీల్చిన పీచు ఊపిరితిత్తుల్లో నిలిచి ఆస్బెస్టోసిస్, ఊపిరితిత్తుల క్యాన్సర్, మీసోథీలియోమాలకు కారణమవుతుంది. ఈ వ్యాధులు సాధారణంగా దశాబ్దాల తర్వాత బయటపడతాయి.

గుర్తింపు: విరిగిన రేకు అంచున పీచు కనిపించవచ్చు, అయితే కంటిచూపుతో నిర్ధారణ సాధ్యం కాదు. నమూనాను ధ్రువిత కాంతి సూక్ష్మదర్శినితో ప్రయోగశాలలో పరీక్షిస్తారు.

నిర్వహణ: చెక్కుచెదరని సామగ్రిని కదపకుండా, రిజిస్టరులో నమోదు చేసి, క్రమం తప్పక తనిఖీ చేస్తారు.

తొలగింపు: రేకులను తడిపి, బోల్టులు విప్పి, పగలకుండా దించుతారు. పొడిగా కోయడం, రంధ్రాలు వేయడం, చీపురుతో ఊడ్చడం నిషిద్ధం. పొడిబారి రాలే తొడుగులను రుణపీడన గదిలో (లోపలి గాలి బయటికి రాకుండా పీడనం తగ్గించిన గదిలో) తొలగిస్తారు. వ్యర్థాలను రెండు పొరల సంచుల్లో మూసి, ముద్రవేసి, అనుమతి పొందిన స్థలంలో పూడుస్తారు.

చట్టం: బ్రిటన్ 1999లో క్రిసోటైల్‌ను నిషేధించింది, అక్కడ 2012 నిబంధనల ప్రకారం గాలిలో పీచు పరిమితి 4 గంటల సగటున ఘన సెంటీమీటరుకు 0.1 పీచుపోగు. భారత సుప్రీంకోర్టు 1995 తీర్పు కార్మికుల ఆరోగ్య రికార్డులను ఉద్యోగారంభం నుంచి 40 ఏళ్లు లేదా విరమణానంతరం 15 ఏళ్లు, ఏది తర్వాతైతే అంతవరకు, భద్రపరచాలని ఆదేశించింది.