4.3 గ్లైకోసైడ్ల చరిత్ర: ఫిషర్ ప్రయోగం

గ్లూకోజును ఆల్డిహైడు సమూహం గల తెరచిన గొలుసుగా రాయడం మీకు తెలుసు. ఆ నిర్మాణం ఒక్కటే చాలదని శాస్త్రజ్ఞులు ఎలా గ్రహించారో ఈ భాగంలో తెలుసుకుందాం.

19వ శతాబ్దం ప్రథమార్ధంలో మొక్కల నుంచి అనేక చేదు పదార్థాలను వేరుచేశారు. విల్లో చెట్టు బెరడులోని సాలిసిన్, చేదు బాదంలోని అమిగ్డాలిన్ ఇందుకు ఉదాహరణలు. బాదంలోనే ఉండే ఎమల్సిన్ అనే పదార్థం అమిగ్డాలిన్‌ను విడగొట్టి చక్కెరను, బెంజాల్డిహైడును, హైడ్రోజన్ సయనైడును ఇస్తుందని 1837లో జర్మన్ శాస్త్రజ్ఞులు లీబిగ్, వోలర్ చూపారు. ఇలా విడిపోయి చక్కెరనిచ్చే పదార్థాలనే నేడు గ్లైకోసైడ్లు అంటున్నాం. అయితే వాటిలో చక్కెర మిగతా భాగంతో ఎలా బంధితమై ఉందో అప్పటికి స్పష్టం కాలేదు.

ఈ ప్రశ్నకు దారి చూపినది 1893లో బెర్లిన్‌లో ఎమిల్ ఫిషర్ ప్రకటించిన ప్రయోగం. సాధారణ ఆల్డిహైడు ఆమ్ల సమక్షంలో రెండు ఆల్కహాలు అణువులతో చర్య జరిపి ఎసిటాల్‌ను ఇస్తుంది. గ్లూకోజు కూడా అలాగే ప్రవర్తించాలి. కాని గ్లూకోజును మిథనాల్‌తో, హైడ్రోజన్ క్లోరైడు సమక్షంలో చర్య జరిపించినప్పుడు ఒకే ఒక మిథనాల్ అణువు చేరింది. ఒక నీటి అణువు తొలగిపోయింది. ఏర్పడిన మిథైల్ గ్లూకోసైడు ఫెహ్లింగ్ ద్రావణాన్ని క్షయకరణం చేయలేదు. అంటే ఒక్క ఆల్కహాలుతోనే ఆల్డిహైడు లక్షణం పోయింది.

మరి రెండో ఆల్కహాలు ఎక్కడిది? అది గ్లూకోజు అణువులోనే ఉంది. గ్లూకోజులోని ఒక హైడ్రాక్సిల్ సమూహం అదే అణువులోని ఆల్డిహైడుతో కలిసి వలయాన్ని ఏర్పరుస్తుంది. ఇటువంటి వలయాన్ని టోలెన్స్ 1883లోనే సూచించాడు. వలయం ఏర్పడితే మొదటి కార్బన్ కూడా అసౌష్ఠవ కార్బన్ అవుతుంది. కనుక ఆల్ఫా, బీటా అనే రెండు మిథైల్ గ్లూకోసైడ్లు ఉండాలి. 1894 నాటికి రెండూ లభించాయి. తెరచిన గొలుసు ఈ రెండు రూపాలను వివరించలేదు.

అదే సంవత్సరం ఫిషర్ మరో విషయం గమనించాడు. ఈస్టు నుంచి తీసిన ఎంజైము ఆల్ఫా రూపాన్ని మాత్రమే, ఎమల్సిన్ బీటా రూపాన్ని మాత్రమే జలవిశ్లేషణ చేశాయి. ఎంజైముకూ అది పనిచేసే పదార్థానికీ మధ్య సంబంధం తాళానికీ తాళంచెవికీ ఉన్నటువంటిదని ఆయన పోల్చాడు. మీరు జీవరసాయన శాస్త్రంలో చదివే ఆ ఉపమానం పుట్టింది ఈ సందర్భంలోనే.

ఫిషర్ వివరణలో ఒక లోపం మాత్రం మిగిలింది. ఆయన ఐదు పరమాణువుల వలయాన్ని ఊహించాడు. సాధారణ మిథైల్ గ్లూకోసైడులో ఉన్నది ఆరు పరమాణువుల వలయమని 1920వ దశకంలో ఇంగ్లాండులో హావర్త్ బృందం నిరూపించింది. వలయంలోని పరమాణువుల సంఖ్య మారినా, వలయం ఉందన్న నిర్ణయం మారలేదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: గ్లూకోజు రెండు మిథనాల్ అణువులతో కలిసి ఉంటే, ఆల్ఫా, బీటా రూపాలు ఏర్పడే అవకాశం ఉండేదా? కారణం రాయండి.