కోరింగ వాళ్లు చేరిన దీవిలో ఓ ఫుట్‌బాల్ సీజన్

1999 మే 23, ఆదివారం. తూర్పు ఆఫ్రికా తీరానికి ఆవల, మారిషస్ దీవి ఉత్తరాన చెరకు తోటల నడుమ ఉన్న అంజలై స్టేడియం. ఆ దేశపు అగ్రశ్రేణి ఫుట్‌బాల్ లీగ్‌లో ఆ సీజన్‌కంతటికీ పెద్ద మ్యాచ్ అది. స్కౌట్స్ క్లబ్, ఫైర్ బ్రిగేడ్ తలపడ్డాయి. ఫైర్ బ్రిగేడ్ 1-0తో గెలిచింది. రిఫరీ అన్యాయం చేశాడంటూ స్కౌట్స్ అభిమానులు భగ్గుమన్నారు. మారిషస్‌లో చెరకు కోతలు జూన్ దాటితే గానీ ఊపందుకోవు. మే నెలాఖరుకి తోటలు నిలువెత్తు పెరిగి, అడుగున ఎండాకు పేరుకుని ఉంటాయి. వాటికి నిప్పు పెట్టారు. ఆ రాత్రి రాజధాని పోర్ట్ లూయీలో లామికాల్ అనే జూదశాల తగలబడింది. లోపల చిక్కుకున్న ఏడుగురు చనిపోయారు. వాళ్లలో పసిపిల్లలున్నారు, గర్భిణి కూడా ఉంది. ఫుట్‌బాల్‌తో గానీ, ఏ జట్టుతో గానీ వాళ్లకి సంబంధం లేదు.

ఎక్కడి మారిషస్, ఎక్కడి గోదావరి అనుకోనక్కర్లేదు. యానాం నుంచి కాకినాడ వెళ్లే దారిలో, తాళ్లరేవు పక్కనే ఉంది కోరింగ. ఇప్పుడు మడ అడవుల్లో పడవ షికారుకి వెళ్లే ఊరు. 19వ శతాబ్దపు మొదటి సగంలో మాత్రం అది బంగాళాఖాతంలో పేరున్న రేవు, ఓడలు కట్టే చోటు. 1843లో ‘కోరింగ ప్యాకెట్’ అనే ఓడ ఈ తీరం నుంచే తెలుగు కూలీలను మారిషస్‌కి తీసుకెళ్లింది. అంతకు ముందే, 1828లో, ఫ్రెంచి వాళ్ల ఏలుబడిలో ఉన్న యానాం నుంచి కొద్దిమంది పక్కనున్న రీయూనియన్ దీవికి వెళ్లారు. బర్మాలో లాగే మారిషస్‌లోనూ మన వాళ్లకి కోరింగీలనే పేరు పడింది.

వాళ్లు ఎందుకు వెళ్లారో తెలియాలంటే ఆనకట్టకు ముందున్న డెల్టాను తలుచుకోవాలి. ధవళేశ్వరం పని 1847లో మొదలై 1852కి పూర్తయింది. అంతకు ముందు వరదొస్తే ముంపు, వానలు లేకపోతే ఎండు. 1833 కరువు జనాన్ని ఊడ్చేసింది. 1839 నవంబరు తుపాను, ఉప్పెన కోరింగను నేలమట్టం చేశాయి. అదే కాలంలో మారిషస్ తోటల యజమానులకి కూలీలు కావలసివచ్చారు. 1835లో అక్కడ బానిసత్వం రద్దయింది, చెరకు కొట్టేవాళ్లు లేరు. ఐదేళ్ల ఒప్పందం, నెలకి ఐదు రూపాయల జీతం, తిండిగింజలు. 1834 నుంచి 1920 వరకు భారతదేశం నుంచి పోర్ట్ లూయీ రేవులో దిగిన కూలీలు దాదాపు ఐదు లక్షల మంది. వాళ్లు దిగిన ఆప్రవాసి ఘాట్‌ను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఆ జనం దీవిలో ఒక్క ముద్ద కాలేదు. భోజ్‌పురి వాళ్లు, తమిళులు, తెలుగువాళ్లు, మరాఠీలు, ముస్లింలు ఎవరి గుడి వాళ్లది, ఎవరి సభ వాళ్లది. మన వాళ్లు రామభజనలు, అమ్మోరి పండగ, సింహాద్రి అప్పన్న పండగ కాపాడుకున్నారు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కూడా ఆ దీవిలోనే.

ఫుట్‌బాల్ మైదానానికి కూడా ఈ గీతలే వచ్చాయి. ఫ్రెంచి సంతతి తోటల దొరలకి డోడో క్లబ్. చైనా వాళ్లకి డ్రాగన్స్. ముస్లింలకి ముస్లిం స్కౌట్స్. ఆఫ్రికా బానిసల వారసులైన క్రియోలులు ఫైర్ బ్రిగేడ్ వెనక నిలిచారు. హిందూ కాడెట్స్ అని ఒక జట్టు, తమిళ్ కాడెట్స్ అని ఇంకొకటి. మనకిది వింతగా ఉంటుంది. అక్కడి వాడుకలో మాత్రం హిందువులంటే ఉత్తరాది వాళ్లే. తమిళులు, తెలుగువాళ్లు గుడికి వెళ్లినా వేరే లెక్కే. ఆదివారం వచ్చిందంటే స్టేడియం కిక్కిరిసేది. తన జట్టు గెలిస్తే తన జాతంతా గెలిచినట్టే.

ఈ ప్రమాదాన్ని ప్రభుత్వం ముందే పసిగట్టింది. 1980ల మొదట్లో క్లబ్బుల పేర్లలో మతం, జాతి కనిపించకూడదని ఆంక్ష పెట్టింది. హిందూ కాడెట్స్ కాడెట్స్ అయింది, ముస్లిం స్కౌట్స్ స్కౌట్స్ క్లబ్ అయింది. బోర్డు మీద ఒక మాట చెరిపేశారంతే. ఆడించేవాళ్లు వాళ్లే, డబ్బు పెట్టేవాళ్లు వాళ్లే, గ్యాలరీలో అరిచేవాళ్లూ వాళ్లే.

1999లో అగ్గి రాజుకుని ఉంది. సెగా, రెగే కలిపి ‘సెగే’ సంగీతాన్ని ఇంటింటికీ చేర్చిన క్రియోల్ గాయకుడు కాయా ఫిబ్రవరి 21న పోలీసు కస్టడీలో చనిపోయాడు. రోజుల తరబడి అల్లర్లు చెలరేగాయి, ప్రాణాలు పోయాయి. మూడు నెలలు గడిచాయో లేదో ఈ మ్యాచ్. అందుకే నేను మే 23 నాటి నేరాన్ని ఒక రిఫరీ ఈల మీదకి నెట్టేయలేను. మైదానంలో ఓడింది పదకొండుమందే అయినా, అణిగిమణిగి బతికామనుకున్న ఒక సమాజం మొత్తం ఓడినట్టు భావించింది. అయితే ఆ బాధ ఎంత నిజమైనా ఏడు ప్రాణాలకి సమాధానం కాదు.

ఆ స్టేడియం పేరు నన్ను వదలదు. అంజలై కూపెన్ తోటకూలీ. 1943 సెప్టెంబరులో బెల్ వ్యూ హారెల్ దగ్గర కూలి కోసం సమ్మె చేసినవాళ్ల మీద పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయిన నలుగురిలో ఆమె ఒకరు. అప్పటికి ఆమె గర్భవతి. అందరి కూలి కోసం ప్రాణమిచ్చిన మనిషి పేరున్న చోటు నుంచి జనం జాతులుగా చీలి రోడ్డెక్కారు. ఆ పగటి కోపం రాత్రికి మరో గర్భిణిని బలి తీసుకుంది.

ఆ తర్వాత లీగ్ మూతపడింది. దాదాపు ఏడాదిన్నర పాటు అగ్రశ్రేణి ఫుట్‌బాల్ లేదు. మళ్లీ తెరిచినప్పుడు ప్రభుత్వం క్లబ్బుల రూపమే మార్చేసింది. జాతి పునాది మీద నిలిచిన జట్లకి చోటు లేదు, ఊరికీ ప్రాంతానికీ చెందిన జట్లే ఉండాలి. 2001లో ఒలింపిక్ ద మోకా విజేత. 2002 నుంచి ఏఎస్ పోర్ట్ లూయీ 2000 వరసగా ఏలింది.

దీనికి దీవి చెల్లించిన మూల్యం చిన్నది కాదు. గ్యాలరీలు ఖాళీ అయ్యాయి. కొత్త పేరుకి ఎవరు కేకలేస్తారు? తాత చూపించిన జట్టు పోయాక కుర్రాళ్లు టీవీల్లో మాంచెస్టర్ యునైటెడ్, లివర్‌పూల్ అభిమానులయ్యారు. పాత క్లబ్బులు రద్దు చేయడం తప్పని వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ల బెంగ నాకు అర్థమవుతుంది. ఆ కిక్కిరిసిన ఆదివారాలు నిజంగానే గొప్పవి. అయినా ఆ నిర్ణయం సరైనదనే నా నమ్మకం. పేరు మార్చి ఊరుకుంటే ఏమవుతుందో 1980ల్లోనే చూశారు. గ్యాలరీ నిండడం కోసం మళ్లీ అదే పొయ్యి రాజేయాలా?

ఈ జాతులన్నీ ఒక్క జెర్సీ వేసుకున్నప్పుడు ఆ దీవి ఆడగలదని అంతకు ముందూ రుజువైంది. 1974లో ఆఫ్రికా కప్ పోటీలకి అర్హత సాధించింది. 1985లో సొంతగడ్డ మీద హిందూ మహాసముద్ర దీవుల క్రీడల్లో బంగారు పతకం గెలిచింది. అల్లర్లు జరిగిన నాలుగేళ్లకి, 2003లో, అవే క్రీడలు మళ్లీ మారిషస్‌లో జరిగాయి. ఫైనల్లో రీయూనియన్‌ను 2-1తో ఓడించి రెండోసారి బంగారం అందుకుంది.