గాలిని కొలిచి ఎత్తు చెప్పే పరికరం: స్కైడైవింగ్‌లో ఎలక్ట్రానిక్ ఆల్టిమీటర్ల ఎంపిక, వాడుక

రైల్వే స్టేషన్లలో ఊరి పేరు రాసిన పసుపుపచ్చ ఫలకం అడుగున, ఆ స్థలం సముద్రమట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తున ఉన్నదో చిన్న అక్షరాలలో రాసి ఉంటుంది. రైలు కోసం ఎదురుచూస్తూ ఆ అంకెను చదివినవారికి ఒక సంగతి తెలిసినట్టే. ‘ఎక్కడి నుంచి’ అన్న ప్రశ్నకు సమాధానం లేనిదే ‘ఎత్తు’ అన్న మాటకు అర్థం లేదు. విమానం నుంచి దూకే వ్యక్తి మణికట్టుకు కట్టుకునే ఆల్టిమీటరు విషయంలో ఇదే ప్రశ్న ప్రాణంతో ముడిపడి ఉంటుంది.

విదేశాలలో చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న పిల్లలు ఆకాశం నుంచి దూకుతున్న ఫోటోలు ఇంటికి పంపినప్పుడు పెద్దలకు గుండె జల్లుమనడం సహజం. ఆ ఫోటోలలో అధికభాగం టాండెం పద్ధతివి. అందులో శిక్షకుడి శరీరానికే ప్రయాణికుడిని పట్టీలతో బిగించి కడతారు. పారాచూట్ తెరిచే బాధ్యత, ఎత్తు చూసుకునే బాధ్యత శిక్షకునివే. ప్రయాణికుడు పరికరం కొనవలసిన పని లేదు. మన ప్రాంతాల నుంచి సైన్యంలో చేరి ఆగ్రాలో పారాట్రూపర్ శిక్షణ పొందే యువకుల సంగతి మరొకటి. వారి తొలి శిక్షణలో, సుమారు 1,250 అడుగుల ఎత్తున, విమానానికి తగిలించిన పట్టీయే పారాచూట్‌ను లాగి తెరుస్తుంది. ఆల్టిమీటరు అవసరమయ్యేది స్వేచ్ఛాపతనంలోనే. అంటే మనిషి తన నిర్ణయంతో, తన చేతితో పారాచూట్ తెరుచుకోవలసిన చోట.

ఆ పతనం లెక్క ఇలా ఉంటుంది. సాధారణంగా 13,000 అడుగుల వద్ద దూకుతారు. మొదటి వెయ్యి అడుగులకు దాదాపు 10 సెకన్లు పడుతుంది. ఆ తరువాత శరీరం చరమ వేగాన్ని, అంటే గంటకు సుమారు 190 కిలోమీటర్లను అందుకుంటుంది. అప్పటి నుంచి ప్రతి వెయ్యి అడుగులూ ఐదున్నర సెకన్లలో దాటిపోతాయి. అమెరికా పారాచూట్ సంఘం నియమావళి ప్రకారం కొత్తవారు 3,000 అడుగులకు దిగువన తెరవకూడదు. ఆ ఎత్తు నుంచి నేలకు పట్టే కాలం పదిహేడు సెకన్లకు మించదు. కింద ఉన్న చెట్లను, ఇళ్లను చూసి కంటితో ఎత్తును అంచనా కట్టవచ్చు గాని, ఆ అంచనా కుదరడానికి వందల సార్లు దూకిన అనుభవం కావాలి. అందువల్లనే శిక్షణార్థికి కంటికి కనబడే ఆల్టిమీటరు ఉండి తీరాలని ఆ సంఘం నియమం పెట్టింది.

ఈ పరికరం నేలను చూడలేదు, గాలిని మాత్రమే తూచుతుంది. 1648 సెప్టెంబరు 19న ఫ్రాన్సులో ఫ్లోరిన్ పెరియే తన బావమరిది పాస్కల్ కోరిక మేరకు పాదరస భారమితిని పుయ్ ద డోమ్ కొండపైకి మోసుకుపోయి, పైకి వెళ్లేకొద్దీ పాదరసం దిగడాన్ని గమనించారు. ఆల్టిమీటరుకు మూలం ఆ ప్రయోగమే. 1844లో లూసియన్ విడి రూపొందించిన ద్రవరహిత భారమితిలోని పలుచని లోహపు డొల్ల నేటికీ ముల్లు ఆల్టిమీటర్లలో పని చేస్తున్నది. ఎలక్ట్రానిక్ పరికరంలో ఆ డొల్లకు బదులుగా సన్నని సిలికాన్ పొర ఉంటుంది. గాలి ఒత్తిడికి పొర వంగితే దాని విద్యుత్ నిరోధం మారుతుంది. ఆ మార్పును లెక్కించి పరికరం ఎత్తుగా చూపుతుంది. సముద్రమట్టం దగ్గర ఒక హెక్టోపాస్కల్ ఒత్తిడి తగ్గిందంటే సుమారు 27 అడుగులు పైకి వెళ్లినట్టు లెక్క.

కనుక పరికరానికి ‘ఇదే నేల, ఇదే సున్నా’ అని మొదట ఎవరో చెప్పాలి. ముల్లు రకంలో అంచు చక్రం తిప్పి మనమే సున్నాకు తేవాలి. ఎలక్ట్రానిక్ రకం నేల మీద ఉన్నంతసేపూ ఒత్తిడిలోని నెమ్మదైన మార్పులను గమనించి తనంత తానే సున్నాను సవరించుకుంటుంది. దీని ఆధిక్యాలలో మొదటిది ఇదేనని చెప్పాలి. ఉష్ణమండలంలో గాలి ఒత్తిడి ప్రతి దినం ఉదయం పది గంటల ప్రాంతంలో ఎక్కువగా, సాయంత్రం నాలుగు గంటలకు తక్కువగా ఉంటుంది; తేడా మూడు, నాలుగు హెక్టోపాస్కల్‌లు. ఉదయం సున్నా చేసిన ముల్లును సాయంత్రం చూడకుండా వాడితే, మనిషి ఉన్న ఎత్తు కన్నా సుమారు నూరు అడుగులు ఎక్కువ చూపుతుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉన్న రోజున తేడా ఇంకా పెరగవచ్చు.

పరికరం తక్కువ చూపితే మనిషి పారాచూట్‌ను తొందరగా తెరుస్తాడు. గాలిలో కొంచెం ఎక్కువసేపు వేలాడతాడు, అంతే. ఎక్కువ చూపితే ఆలస్యంగా తెరుస్తాడు. తప్పు ఎటువైపు ఉన్నదన్నదే ఇక్కడ విచారించవలసిన సంగతి. సముద్రతీరపు యానాంలో సున్నా చేసిన పరికరాన్ని, సున్నా మార్చకుండా, సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న బెంగళూరుకు తెస్తే అది నేల మీదే దాదాపు 3,000 అడుగులు చూపుతుంది. అది కొత్తవారు పారాచూట్ తెరవవలసిన అంకె. దాన్ని నమ్మి దూకినవాడికి ఆ అంకె కనబడే సమయానికి నేల తగిలి ఉంటుంది. అందుచేత ఘాట్ రోడ్డు ఎక్కి వచ్చినా, వేరొక ఊరి నుంచి వచ్చినా, దూకే మైదానం చేరిన తరువాత పరికరాన్ని పూర్తిగా ఆపి మళ్లీ వెలిగించి, సున్నా చూపుతున్నదో లేదో చూసుకోవాలి. విమానం ఎక్కాక వెలిగించరాదు. వెలిగించిన చోటునే నేల అనుకుంటుంది.

విమానం బయలుదేరే చోటు, మనిషి దిగే చోటు ఒకే ఎత్తులో లేకపోతే ఆ తేడాను ముందుగా లెక్క కట్టి పరికరంలో నమోదు చేసే సౌకర్యం చాలా నమూనాలలో ఉంటుంది. ప్రదర్శనలలో ఇది తరచుగా అవసరం. అయితే ఒకనాడు నమోదు చేసిన తేడా మరునాడు మరొక చోట మిగిలిపోయి ఉండే ప్రమాదం ఉంది. వాడినవారే పని ముగియగానే దాన్ని తొలగించే అలవాటు చేసుకోవాలి.

పరికరం చుట్టూ ఉన్న గాలి స్థితి కూడా అంకెను మారుస్తుంది. పడుతున్న మనిషి వెనుకవైపున, అంటే వీపు మీద, గాలి సుడి తిరిగి ఒత్తిడి తగ్గుతుంది. పరికరం ఆ సుడిలో చిక్కితే కొన్ని వందల అడుగులు ఎక్కువ చూపుతుంది. మళ్లీ ప్రమాదకరమైన వైపే. బోర్లా పడేవారికి మణికట్టు శుభ్రమైన గాలిలో ఉంటుంది. వెల్లకిలా తిరిగి విన్యాసాలు చేసేవారు ఈ దోషాన్ని మనసులో ఉంచుకోవాలి. ఇక ఎండ విషయం. పరికరం లెక్క ప్రామాణిక వాతావరణానికి, అంటే సముద్రమట్టాన 15 డిగ్రీల వేడిమికి కట్టినది. మన వేసవిలో గాలి వ్యాకోచించి ఉంటుంది గనుక పరికరం 3,000 అన్నప్పుడు మనిషి నిజానికి కొంచెం పైనే ఉంటాడు. శీతదేశాల చలికాలంలో ఇది తలకిందులవుతుంది.

కొనేటప్పుడు మొదట చూడవలసినది ఒక్క చూపులో చదవగలమా అన్నదే. డెన్మార్కుకు చెందిన లార్సెన్ అండ్ బ్రుస్గార్డ్ వారి ‘విసో’ పెద్ద అంకెలు చూపుతుంది; అదే సంస్థ ‘ఆల్టిట్రాక్’ లోపల ఎలక్ట్రానిక్ అయినా పైకి ముల్లే కనబడుతుంది. అమెరికాలోని ఆల్టి-2 సంస్థ ‘అట్లాస్’లో రెండూ కలిసి ఉన్నాయి. ముల్లుకు ఒక సుగుణం ఉంది: అంకె చదవనవసరం లేదు, ముల్లు ఎటు ఉన్నదో చాలు. భయంతో ఉన్న మెదడుకు నాలుగు అంకెలు చదవడం అనుకున్నంత సులువు కాదు. ఈ కారణంగా తొలి శిక్షణకు ముల్లు రకాన్నే ఇచ్చే పాఠశాలలు ఉన్నాయి. ఆ పద్ధతి సమంజసమనే ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఎన్నిసార్లు దూకారో, ఎక్కడ తెరిచారో, ఎంత వేగంతో పడ్డారో నమోదు చేసే సదుపాయం ముచ్చటైనదే గాని, దాని కోసం చదవడానికి కష్టమైన పరికరాన్ని ఎంచుకోవడం తగదు.

బ్యాటరీ మరో విషయం. భూమి నుంచి నాలుగు కిలోమీటర్ల పైన సుమారు 26 డిగ్రీల చలి ఎక్కువ. బలహీనమైన బ్యాటరీ నేల మీద బాగానే కనిపించి పైన చేతులెత్తేయవచ్చు; స్ఫటిక తెర కూడా చలికి మందగిస్తుంది. ఎవరైనా దగ్గర దొరకని రకం బ్యాటరీతో నడిచేది కొనకపోవడం మేలు.

కొలమానం చూడడం మరవకూడదు. యూరపులో చాలాచోట్ల మీటర్లు, అమెరికాలో అడుగులు. వెయ్యి మీటర్లంటే 3,280 అడుగులు. మిత్రుని దగ్గర ఎరువు తెచ్చుకున్న పరికరం ఏ కొలమానంలో ఉన్నదో విమానం ఎక్కకముందే చూడాలి.

పాతది కొనేవారికి చవకైన పరీక్ష ఒకటి ఉంది. ఎత్తులో బాగా తేడా ఉన్న రెండు స్టేషన్ల ఫలకాలు చూసి, ఒకచోట సున్నా చేసి, అక్కడి నుంచి ఆగకుండా రెండో చోటికి వెళ్లి చదవాలి. మీటర్లను 3.28తో గుణిస్తే అడుగులు వస్తాయి. దారిలో సున్నాను తనంత తానే సవరించుకునే నమూనాకు ఈ పరీక్ష చెల్లదు. విమానంలో పైకి వెళ్లేటప్పుడు పక్కవారి పరికరంతో పోల్చడం అన్నింటికన్నా సులభం.

హెల్మెట్ లోపల చెవి దగ్గర అమర్చి, ముందుగా నిర్ణయించిన ఎత్తుల వద్ద కూత పెట్టే రకం కూడా ఉంది. బృందంగా దూకేవారు ఒకరికొకరు దూరంగా జరగవలసిన ఎత్తు ఒకటి, తెరవవలసిన ఎత్తు ఒకటి, ఇక ఆలస్యం చేయరాదనే ఎత్తు ఒకటి అందులో పెట్టుకుంటారు. ఇది మణికట్టు పరికరానికి తోడు మాత్రమే. కూత కోసం ఎదురుచూసే అలవాటు పడితే, అది మోగని రోజున మనిషి చూడడం మరిచిపోతాడు.

వీటితో కలిపి పొరబడేది స్వయంచాలక విడుదల యంత్రం. జర్మనీకి చెందిన ఎయిర్‌టెక్ సంస్థ ‘సైప్రెస్’ పేరుతో 1991లో దాన్ని విపణిలోకి తెచ్చింది. అనుభవజ్ఞులు వాడే నమూనాలో సుమారు 750 అడుగుల వద్ద మనిషి ఇంకా సెకనుకు 35 మీటర్లకు మించిన వేగంతో పడుతూ ఉంటే, అది రిజర్వు పారాచూట్ మూత కట్టును తెంపుతుంది. అది ఎత్తు చూపదు, ముందుగా హెచ్చరించదు. అదీ గాలి ఒత్తిడినే నమ్ముకున్నది గనుక సున్నా విషయమై చెప్పిన జాగ్రత్తలన్నీ దానికీ వర్తిస్తాయి. ఇంట్లో ఎవరైనా ఈ క్రీడ నేర్చుకుంటున్నామని చెబితే పెద్దలు అడగదగిన ప్రశ్నలు రెండు: విడుదల యంత్రం ఆన్ చేశారా, ఆల్టిమీటరు సున్నాను ఎక్కడ చూసుకున్నారు?