చదరంగం గింజలు, మల్లన పద్యం, నా తప్పు

వరంగల్ నుంచి ఈ ఎపిసోడ్‌ని నా తప్పుతోనే మొదలుపెడుతున్నా.

పోయిన వారం చదరంగం వీడియో థంబ్‌నెయిల్ మీద 18446744073709551415 అని పెద్దగా వేశాను. పదో తరగతి చదివే మా మేనకోడలు ఫోన్ చేసింది. "మామా, అంకెలన్నీ కూడితే 85 వస్తోంది. 3తో పోవట్లేదు. నీ సంఖ్య తప్పు" అంది.

కథ మీకు తెలిసిందే. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు. ఇలా 64 గళ్లూ నింపితే మొత్తం ఎన్ని? మన ఏనుమాముల మార్కెట్ ఏ మూలకీ చాలదు. బియ్యపు గింజ 25 మిల్లీగ్రాములు అనుకుంటే దాదాపు 46 వేల కోట్ల టన్నులు. ప్రపంచమంతా ఏడాదికి పండించే బియ్యం సుమారు 50 కోట్ల టన్నులు. అంటే తొమ్మిది వందల ఏళ్ల పంట!

మరి 3 సంగతేంటి? పక్కపక్క గళ్లను జతలుగా కూడండి. 1+2=3, 4+8=12, 16+32=48. ప్రతి జతా 3 గుణిజమే. 64 గళ్లంటే 32 జతలు, కాబట్టి మొత్తం కూడా 3తో పోవాల్సిందే. నాలుగేసి గళ్లు కూడితే 15 గుణిజాలు వస్తాయి, అందుకే 5తోనూ పోతుంది. మొదటి గడిలో ఒక్క గింజ ఉంది కాబట్టి మొత్తం బేసి సంఖ్య. అందుకే చివరి అంకె 5.

నా సంఖ్య చివర కూడా 5 ఉంది. అందుకే అనుమానం రాలేదు. తప్పు ఎక్కడో పట్టించింది మాత్రం ఒక తెలుగు పద్యం.

పావులూరి మల్లన తెలుగులో తొలి గణిత గ్రంథం రాసిన కవి. 9వ శతాబ్దపు మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని తెలుగు చేశాడు. మల్లనది 11వ శతాబ్దమని ఎక్కువమంది మాట. అంటే 1163లో కట్టిన మన వేయిస్తంభాల గుడి కంటే పాతవాడు. ఆయన పేరుతో ప్రచారంలో ఉన్న ఒక చంపకమాలలో ఈ ఇరవై అంకెలూ ఉన్నాయి. అంకెలుగా కాదు, మాటలుగా. చంద్రుడంటే 1, అగ్ని అంటే 3, బాణం అంటే 5, కొండ అంటే 7, ఆకాశం అంటే 0. చివరి అంకెతో మొదలుపెట్టి వెనక్కి చెబుతాడు.

అలా చదివితే మూడో మాట దగ్గరే దొరికిపోయా. పద్యం ఆరు అంటోంది, నేను 4 వేశాను. అసలు సంఖ్య 18446744073709551615. అంకెల మొత్తం 87, 3తో పోతుంది.

తాటాకు మీద నకలు రాసేటప్పుడు ఒక్క అంకె మారినా లెక్క పోయినట్టే. మాట మారితే మాత్రం యతి, ప్రాస, గణం ఏదో ఒకటి తప్పే అవకాశం ఎక్కువ. అదే దానికి కాపలా. చాలా ఫోన్ల కాలిక్యులేటర్‌లో రెండుని 64సార్లు గుణించి చూడండి, కొన్ని అంకెలు చూపించి మిగతావి మింగేస్తుంది. పద్యం ఒక్కటీ వదల్లేదు.

తమాషా ఏంటంటే, మీ ఫోన్‌లోని 64 బిట్‌లన్నీ 1 అయితే వచ్చే సంఖ్య కూడా ఇదే.

ఇక మీ వంతు. బోర్డులో ఒక్కో వరస 8 గళ్లు. వరసలవారీగా కూడి చూసి, ఈ సంఖ్య 17తో ఎందుకు పోతుందో కామెంట్‌లో చెప్పండి. థంబ్‌నెయిల్ మార్చేశాను. మా మేనకోడలు ఓకే చేశాకే!