స్విచాన్ రోజు

తలుపు మూయగానే హైదరాబాదు ట్రాఫిక్ రొద తెగిపోతుంది. ఆడియాలజీ గది ఇది. మూలనున్న కుర్చీలో కూర్చోండి, కదలకండి. పాప దృష్టి చెదరకూడదు. రెండేళ్లు దాటాయి తనకి. వాళ్లమ్మ ఒళ్లో కూర్చుని రంగు రింగుల్ని పుల్లకు గుచ్చుతోంది. ఆపరేషనై మూడు వారాలైంది, చెవి వెనక గాయం మానింది.

పుట్టినప్పటి నుంచీ పాపకు వినపడదు. లోపలి చెవిలో ధ్వనిని నాడికి అందించే రోమ కణాలు పనిచేయవు, నాడి మాత్రం బాగానే ఉంది. అందుకే నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియాలోకి సన్నని తీగ దూర్చారు. దాని మీదున్న 22 ఎలక్ట్రోడ్లు నేరుగా నాడికే కరెంటు అందిస్తాయి. 1957లో పారిస్‌లో ఆంద్రే జూర్నో, షార్ల్ ఎయిరియెస్ ఇలాగే ఒక బధిరుడి శ్రవణ నాడికి కరెంటు ఇస్తే, అతనికి కీచురాళ్ల రొద లాంటిది వినిపించింది.

ఇవాళ దాన్ని తొలిసారి ఆన్ చేస్తున్నారు. ఆడియాలజిస్టు పాప తలకు అయస్కాంతపు బిళ్ల తగిలించింది. ల్యాప్‌టాప్‌లో ఒక్కో ఎలక్ట్రోడుకీ కరెంటు కొద్దికొద్దిగా పెంచుతోంది. ఇంకొంచెం. ఇంకొంచెం.

పాప చేతిలో రింగు ఆగింది, చూశారా? కళ్లు పెద్దవయ్యాయి. అమ్మ మొహంలోకి చూసి, పెదవి విరిచి, బావురుమంది. అమ్మ చెయ్యి గబుక్కున బిళ్ల మీదికి పోయింది.

"తీయకమ్మా. వినపడబట్టే ఏడుస్తోంది."

"చిన్నీ!" పిలిచింది అమ్మ. పాప తిరగలేదు. అది తన పేరని ఎన్నడు విన్నది గనక?

ఫోన్లలో తిరిగే వీడియోల్లో పిల్లలు వినగానే నవ్వేస్తారు. అవి చూసి, ఇవాళ్టితో పని అయిపోతుందనుకుని వచ్చే తల్లిదండ్రుల్ని తలచుకుంటే నాకు దిగులేస్తుంది. ఇంత ఖరీదైన ఆపరేషన్‌ను ఆరోగ్యశ్రీ పథకం పేదపిల్లల దాకా తెచ్చింది. ఆ తర్వాత నెలల తరబడి సాగే థెరపీకి, బస్సు చార్జీలకు, పోయే కూలికి కూడా ఎవరో ఒకరు పూచీ పడాలి.

"అమ్మా అని ఎప్పుడంటుంది మేడమ్?"

"ముందు విననీయమ్మా. ఆ, ఊ, ఈ, మ్, స్, ష్... పొద్దున మిషన్ పెట్టగానే ఈ ఆరూ అనండి. కుక్కర్ విజిలేస్తే వంటింట్లోకి తీసుకెళ్లి చూపించండి. వచ్చే వారం మళ్లీ మ్యాపింగ్, అంటే ఈ కరెంటు సరిచూడటం."

అమ్మ వేళ్లు మడుస్తూ ఆ ఆరూ పైకే అంది. పాప ఏడుపాపి ఆమె నోటి వంక చూసింది.

"ఎదురుగా వద్దమ్మా, పక్కనుంచి అనండి. పెదాలు చూసి కాదు, విని తెలుసుకోవాలి."