వెండి బిళ్ల మీద ఇద్దరు రాజులు



మా చిన్నతనంలో ప్రతి ఇంటి పెట్టెలోనూ జార్జి చక్రవర్తి తల ఉన్న వెండి రూపాయి ఒకటైనా ఉండేది. పండగనాడు తీసి పసుపు కుంకుమ పెట్టి, మళ్లీ మూటలో కట్టేవారు. రాజు పోయినా, రాజ్యం పోయినా వెండి విలువ మాత్రం పోలేదు. ఈ సంగతి మనసులో పెట్టుకుని వినండి.

1906లో మహారాష్ట్రలోని నాసిక్ దగ్గర జోగల్‌తెంబి అనే పల్లెలో ఒక నిక్షేపం బయటపడింది. దాదాపు 13,250 వెండి నాణేలు. ఒక్కొక్కటి రెండు గ్రాములకు కాస్త అటూ ఇటూ. అన్నీ నహపానుడు వేయించినవే. ఈయన క్షహరాత వంశపు శక రాజు, పశ్చిమ తీరాన్ని ఏలినవాడు. నాణానికి ఒక వైపు ఆయన తల, చుట్టూ గ్రీకు అక్షరాలు. రెండో వైపు బాణం, వజ్రాయుధం, వాటితోపాటు బ్రాహ్మీలోనూ ఖరోష్ఠిలోనూ ఆయన పేరు. వేలిగోరంత బిళ్ల మీద మూడు లిపులు!

ఆ డబ్బుతో ఏం చేసేవారంటే, దానికి నాసిక్ గుహల్లోనే సాక్ష్యం ఉంది. నహపానుడి అల్లుడు ఋషభదత్తుడు 3,000 కార్షాపణాలు గోవర్ధనంలోని సాలెవారి శ్రేణుల దగ్గర ఉంచాడు. 2,000 ఒక శ్రేణి దగ్గర, నూటికి నెలకు ఒకటి చొప్పున. 1,000 ఇంకో శ్రేణి దగ్గర, నూటికి ముప్పావు చొప్పున. మన లెక్కలో రూపాయి వడ్డీ, ముప్పావలా వడ్డీ అన్నమాట. అసలు ముట్టుకోకూడదు, 2,000 మీద వచ్చే వడ్డీతో గుహలోని భిక్షువులకు బట్టలు ఇవ్వాలి. నేటి బ్యాంకు డిపాజిట్టుకు ఇది తాతగారు.

తరువాత శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి నహపానుణ్ణి ఓడించాడు. క్షహరాత వంశాన్ని ఏమీ మిగల్చకుండా నిర్మూలించాడని తల్లి గౌతమీ బాలశ్రీ నాసిక్‌లోనే శాసనం చెక్కించింది. అయితే జోగల్‌తెంబి నాణేలు చూడండి. వాటిలో 9,000కు పైగా నాణేల మీద గౌతమీపుత్రుడి ముద్ర పడింది. ఒక పక్క కొండ గుర్తు, ఇంకో పక్క ఉజ్జయిని గుర్తు. కొండ కింద నుంచి నహపానుడి ముక్కు, చెవి ఇంకా తొంగిచూస్తూనే ఉన్నాయి. ఏమీ మిగల్చలేదని శాసనం అంటుంది, మిగిలిందని వెండి అంటుంది.

కరిగించి కొత్తగా పోయవచ్చు కదా? పోయలేదు. బజారులో జనం నమ్మిన వెండి అది. దాన్ని ఆపితే బేరాలు ఆగుతాయి. పైగా ఓడినవాడి మొహం మీద గెలిచినవాడి గుర్తు పడితే, చదువురాని సంతమనిషికి కూడా ఎవరు రాజో తెలుస్తుంది. ఇది నా ఊహ.

అంతవరకు శాతవాహనుల నాణేలు ఎక్కువగా సీసం, రాగి, పోటిన్ అనే మిశ్రమలోహం. ఆ తరువాత వాళ్లూ తమ తలలతో వెండి నాణేలు వేయించారు. ఓడించినవాడి దగ్గరే ఆ విద్య నేర్చుకున్నారు. కానీ ఒక కొత్త పని చేశారు. వాసిష్ఠీపుత్ర పుళుమావి నాణెం మీద ఒక వైపు ప్రాకృతంలో పేరు. రెండో వైపు, పండితులు చదివిన ప్రకారం, ‘అరహణకు వహిట్టి మకణకు తిరు పుళుమావికు’. ఇది దక్షిణాది భాష!

మా బడిలో తెలుగు, తమిళం, కన్నడం మాట్లాడే ఇళ్ల పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ఈ ముక్క బోర్డు మీద రాశాను. ‘మకణ్ అంటే మా మగన్, కొడుకు’ అని తమిళ పిల్లవాడు లేచాడు. ‘మాకూ మగ అంటే కొడుకే’ అంది కన్నడం అమ్మాయి. ‘పుళుమావికు, రాజుకు... కు మాది సార్’ అన్నాడు మన తెలుగువాడు. పండితులూ ఇలాగే రెండు పక్షాలయ్యారు. కొందరు పాత తమిళమన్నారు, కొందరు తొలినాటి తెలుగు ఛాయలన్నారు. నన్నడిగితే, నాలుగు మాటలున్న బిళ్ల మీద భాషకు పట్టా రాయించుకోలేం. రాజుకు కావలసింది ఒక్కటే. ఆ వెండి ఏ భాష మనిషి చేతికి వెళ్లినా తన పేరు తెలియాలి. అందుకే రెండు భాషలూ వేయించాడు.

ఇప్పుడొక మాట. మా పక్క పల్లెలో ఒకసారి బావి తవ్వుతుంటే చిన్న కుండ దొరికింది. నేను వెళ్లేసరికి అందులోని బిళ్లలన్నీ కంసాలి మూసలో కరిగిపోయాయి, గొలుసులయ్యాయి. ఎవరి తల ఉందో, ఏ అక్షరాలున్నాయో చూసినవారే లేరు. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలు మించిన విలువగల నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. మీకెప్పుడైనా అలాంటిది కంటబడితే చింతపండుతో తోమకండి. మట్టి మట్టిగానే ఉంచండి. కుండ పెంకులు కూడా పారేయకండి.