తుప్పును ఆపే సముద్రపు బ్యాక్టీరియా: ఒక చారిత్రక పునఃపరిశీలన

సముద్రపు బ్యాక్టీరియా నిన్నటిదాకా ఉక్కుకు శత్రువులనీ, ఈమధ్యే మిత్రులయ్యాయనీ ఒక కథ ప్రచారంలో ఉంది. అది సాక్ష్యానికి నిలవదు. తొలి ఘట్టాలు తెలిసినవే. 1824లో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఓడల రాగిరేకులను సముద్రపు నీరు తినేయకుండా కాపాడబోయాడు. 1934లో వాన్ వోల్జోగెన్ క్యూర్, వాన్ డెర్ వ్లుగ్ట్ గాలి ఆడని చోట సల్ఫేటును వాడుకుని బతికే బ్యాక్టీరియా (సల్ఫేటు బ్యాక్టీరియా) ఇనుమును ఎలా తినేస్తుందో వివరించారు. 1933లో తెరుచుకున్న విశాఖ రేవులో అంటుకునే గుల్లలనూ, కొయ్యను తొలిచే జీవులనూ 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన పి.ఎన్. గణపతి బృందం పరిశీలించింది.

బ్యాక్టీరియా ఉక్కును ఎలా కాపాడుతుందన్న అసలు తగువు 1990లది. 1997లో కాలిఫోర్నియాలో జయరామన్, వుడ్ తదితరులు ఎస్ఏఈ 1018 ఉక్కు ముక్కలను సూడోమోనాస్ ఫ్రాగి, ఇ. కోలై బ్యాక్టీరియా పెరుగుతున్న పోషక ద్రవాల్లో ఉంచారు. బ్యాక్టీరియా లేని ద్రవంతో పోలిస్తే లోహనష్టం 2 నుంచి 10 రెట్లు తగ్గింది. కానామైసిన్ అనే యాంటీబయాటిక్ వేసి, ఉక్కు మీద బ్యాక్టీరియా అల్లిన జీవపొరను చంపితే ఆ రక్షణ పోయింది. కణాలను తీసేసిన పాత ద్రవమూ ఉక్కును కాపాడలేదు. అంటే కాపాడింది అడ్డుగోడ కాదు, ద్రవంలోకి వదిలిన రసాయనమూ కాదు. బతికున్న కణాలు ఆక్సిజన్‌ను లోహం దాకా పోనీయకుండా వాడేసుకోవడమే కారణమని నా అభిప్రాయం. కణాలు చచ్చాక పొర వదులైపోయి ఉండవచ్చన్న ఆక్షేపణలో కొంత న్యాయముంది. అంతకంటే బరువైన ఆక్షేపణ మరొకటుంది: ఆక్సిజన్ లేని ఆ పొర అడుగే 1934 నాటి బ్యాక్టీరియాకు అనువైన చోటు. దీన్ని గుర్తించే వుడ్ బృందం 1999లో గ్రామిసిడిన్-ఎస్ అనే యాంటీబయాటిక్‌ను స్రవించే బాసిల్లస్ బ్రెవిస్‌తో సల్ఫేటు బ్యాక్టీరియాను అణచి చూపింది. కాపాడేదీ, చెరిచేదీ ఒకే కారణం గనుక శత్రుమిత్ర విభజనే తప్పు. పైగా పొర అతుకులు అతుకులుగా పెరిగితే ఆక్సిజన్ తేడా వల్లే ఉక్కుకు గుంటలు పడతాయి.

2018లో చైనా పరిశోధకులు సూడోఆల్టెరోమోనాస్ లైపోలిటికా అనే సముద్రపు బ్యాక్టీరియాతో సాధించిన ఫలితం నాకు ఎక్కువ ఆశ కలిగిస్తోంది. అక్కడ జీవపొర మీద క్రమంగా ఖనిజపు పొర ఏర్పడింది. అది కణాల ఊపిరి మీదే ఆధారపడదు. అయితే ఆ ఖనిజానికి కాల్షియం కావాలి. లీటరు సముద్రపు నీటిలో సుమారు 400 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, కృష్ణా నది నీటిలో అంత ఉండదు. కాబట్టి ఆ నది మీది పులిచింతల ఆనకట్ట గేట్లకు ఇదే పద్ధతి పనికొస్తుందనడం తొందరపాటు. విశాఖ లోపలి రేవులో కూడా మురుగు, ఓడల ప్రొపెల్లర్ల తాకిడి, వందల జాతుల పోటీ ఉంటాయి. ఒక్క జాతినే పెంచిన గాజుపాత్ర ఫలితంతో ఉక్కుకు తుప్పు ఆపే రంగు వేయడం మానేయాలనే వాదనను నేను ఒప్పుకోను. ముందు అలాంటి నీటిలోనే ఉక్కు ముక్కలను ఏళ్ల తరబడి వేలాడదీసి చూడాలి. బరువు తగ్గుదలతో సరిపెట్టకుండా గుంటల లోతూ కొలవాలి, ఎందుకంటే సగటు నష్టం స్వల్పంగా ఉన్నా లోతైన గుంట ఒక్కటి పడితే గొట్టానికి చిల్లు పడుతుంది.